ఎనభై రెండు కిలోల మనిషి

మిర్యాలగూడలో నా చేత తిట్లు తినని లారీ డ్రైవర్ లేడు. రైస్ మిల్లు గేటు పక్కన ధర్మకాంటా ఉంది చూడండి, దాని పక్క అద్దాల గదిలో కూర్చునేది నేనే. కాంటా మిల్లు వాళ్లది, నోరు మాత్రం నాది. వడ్ల లోడుతో వచ్చేటప్పుడు క్లీనర్‌ని క్యాబిన్‌లో పడుకోబెట్టి, ఖాళీ బండి తూకానికి వాడిని మెల్లగా దింపేసే డ్రైవర్లు ఉంటారు. అరవై కిలోల మనిషిని వడ్ల కింద అమ్ముకుందామని వాళ్ల ఆశ. అలాంటి వాళ్లని దూరం నుంచే పట్టేస్తాను. బండి ప్లేటు మీదకు ఎక్కేటప్పుడు టైర్లు ఎంత నొక్కుకున్నాయో చూస్తే లోపల ఏమున్నదీ నాకు సగం తెలిసిపోతుంది.

బరువుల విషయంలో హిమజ తప్పు చెప్పదు అని మిల్లులో పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

మా ఆయన పవన్ గోపాలమిత్ర. అంటే పశువులకు చూలు నిలిచేందుకు ఎద సూదులు వేసేవాడు. పెద్దవూర దిక్కు గుట్టల్లో ఉన్న తండాలన్నీ ఆయన తిరిగేవే. బర్రె ఎదకు వచ్చిందని ఫోన్ వస్తే అన్నం ముందు నుంచి లేచిపోవాల్సిందే. ఆ పూట దాటితే మళ్లీ ఇరవై రోజులు ఆగాలి, ఆ ఇంటివాళ్లకు పాలు అంత ఆలస్యం. ఆ సూదిమందును గడ్డకట్టించి ఉంచే, మంచులా పొగలు కక్కే నైట్రోజన్ డబ్బాని బండికి కట్టుకుని, రాళ్లూ రప్పలూ చూడకుండా పోతాడు. అందుకే ఊళ్లో తిరిగే బండి కాకుండా గుట్టలెక్కే ఎత్తు బండి కొన్నాడు. పోయిన వానాకాలం ముందు కోదాడ శ్రీనివాస్ గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు. శ్రీనివాస్ గారు పొలాలూ వ్యాపారాలూ ఉన్న మనిషి. సరదాకి ఆ బండి మీద వాగుల్లో దూకేవారట. మనిషి నిండు బస్తా లాంటివాడు. ఆయన్ని మోసిన బండి నన్ను మోయదా అని పవన్ తెగ మురిసిపోయాడు.

చలికాలంలో పవన్‌కు పేగు మెలిక పడింది. హైదరాబాద్ తీసుకుపోయాం. ఒక ఆపరేషన్ చాలలేదు, రెండోది కూడా చెయ్యాలన్నారు. ఆ రెంటికీ నడుమ మేడారం జాతర వచ్చింది. నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. మా దిక్కు అమ్మవారికి ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటాం. మామూలుగా అయితే మనిషిని షాపులో కాంటా మీద నిలబెట్టి, అతనెంత ఉంటే అంత బెల్లం తూస్తారు. మా మనిషి దవాఖానలో ఉన్నాడు. షాపాయన "ఎంతమ్మా?" అని అడిగాడు.

"ఎనభై రెండు" అన్నాను. పోయిన దసరాకు మిల్లులో సరదాగా తూచిన లెక్క అది.

మా అత్తమ్మ పిచ్చమ్మ నా కొంగు పట్టుకుని గుంజింది. "బిడ్డా, పోరడు జర సన్నబడ్డడు గదా. గంత లేడేమో."

"సమ్మక్క తల్లికి తక్కువ చెప్తమా అత్తమ్మా?" అని ఆమె మీదకు ఒంటికాలి మీద లేచాను. అసలు సంగతి అది కాదు. మంచంలో ఉన్న మనిషి బరువు చెప్తే తల్లి అంత మనిషినే తిరిగి ఇస్తుందేమోనని నాకు భయం. నాకు కావాల్సింది పాత పవన్. అందుకే పాత బరువు చెప్పాను. ఆ బెల్లం మొత్తం గద్దెల మీద పెట్టి, ఎర్రటి మట్టిలో కూర్చుని ఏడ్చి వచ్చాను.

రెండో ఆపరేషన్ కూడా అయ్యి పవన్ ఇంటికొచ్చాడు. ఎండలు ముదిరే నాటికి లేచి తిరిగాడు. బండి నడపొచ్చు, కుదుపులు మాత్రం ఉండొద్దు అని డాక్టర్ చెప్పాడు. ఆ మాట వినగానే బండి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మొదటి రోజు తండాకు పోయి కడుపు పట్టుకుని వచ్చాడు. రెండో రోజూ అంతే. ఏమైందంటే "ఏం కాలే, జర పట్టేసింది" అంటాడు. చెమటలు కారుతున్నా చొక్కా విప్పడు. అన్నం మాత్రం పోటీ పడి తింటున్నాడు. పొద్దున్నే గుడ్లు, మధ్యాహ్నం పెరుగన్నం మీద అరటిపండ్లు. తినలేక కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మింగుతాడు. ఆకలి బాగా అవుతోందని నేను సంబరపడ్డాను.

కడుపు పట్టుకోవడం ఎన్నాళ్లు చూస్తాను? ఒకరోజు గట్టిగా చెప్పేశాను.

"సూడు, గా షాకబ్జర్లు బాగు చేపిద్దాం. ఒక్కసారే. అయినా గిట్లనే ఉంటే బండి అమ్మేసి, మిల్లు గోదాముల బస్తాలు లెక్కబెట్టే పని చేస్తవ్. సేటు ఇస్తనన్నడు."

పవన్ ముఖం వాడిపోయింది. గోదాములో కుర్చీ, ఫ్యాను, నెల జీతం. వేరే ఎవరైనా అయితే ఎగిరి గంతేస్తారు. పవన్ దారిలో కనబడ్డ ప్రతి బర్రెనూ పేరు పెట్టి పలకరించే మనిషి. ఆయన్ని బస్తాల మధ్య కూర్చోబెట్టడమంటే ఏంటో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఇంకోసారి ఆపరేషన్ గది బయట కూర్చునే ఓపిక నాకు లేదు.

సూర్యాపేట పాత బస్టాండ్ వెనక సాంసన్ అని ఒకాయన ఉన్నాడు. ఇలాంటి బండ్ల షాకబ్జర్లు విప్పి బాగు చేసే పని ఈ చుట్టుపక్కల ఆయనకే వచ్చు. ముందువి, వెనకది విప్పించి, అటు పోయే మిల్లు లారీలో పంపించాను. రెండు రోజులకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను. పవన్ పక్కనే గుడ్డు తింటున్నాడు.

"అక్కా, వీటిల ప్రాణం లేదు. ఆయిల్ టీ డికాషన్ లెక్క నల్లగైంది. సీలు పోయి గ్యాసంత కారిపోయింది. లోపల నింపేది గూడ నైట్రోజనే, మీ ఆయన డబ్బాల ఉండేదే. అన్నీ కొత్తవి ఏస్త. ఇగ స్ప్రింగు సంగతి. ఇది కోదాడ సారు కోసం అప్పట్ల నేనే ఏసిన మందం స్ప్రింగు. మీ ఆయన బరువెంత?"

"ఎనభై రెండు."

"అసలైతే మనిషి రావాలె అక్కా. బండి మీద కూసోబెట్టి ఎంత దిగుతుందో కొలవాలె."

"సీజన్ల మేమెట్ల రావాలె అన్నా? ఎనభై రెండు. నేను చెప్తున్న గదా. సమ్మక్క తల్లికి గంత బంగారం తూచి ఇచ్చిన."

సాంసన్ చర్చికి పోయే మనిషి. అయినా నా గొంతు విని "సరే అక్కా, గంతకే ఏస్త" అన్నాడు. పవన్ చేతిలో గుడ్డు సగంలో ఆగింది. నా ముఖం చూశాడు. ఏదో అంటాడేమో అనుకున్నాను. మిగిలిన సగం నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు.

షాకబ్జర్లు మెరుస్తూ తిరిగొచ్చాయి. బిగించారు. మొదటి రోజు కాస్త నయం అన్నాడు. మూడో రోజుకు మళ్లీ చెయ్యి కడుపు మీదే. సాంసన్‌కు ఫోన్ చేస్తే ఫలానా స్క్రూ కొంచెం వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాం. ఫలానా రింగు వదులు చెయ్యమన్నాడు. చేశాం. బండి మాత్రం చెక్కబల్ల లాగే ఉందని పవన్ ముఖమే చెబుతోంది.

"ఇగ ఖతం. కోదాడ సారుకు ఫోన్ చేస్త. వద్దనుకుంటే తిరిగి తీసుకుంటనని అమ్మేటప్పుడే అన్నడు" అన్నాను.

"సరే" అన్నాడు.

కొట్లాడతాడనుకున్నాను. నాలుగు మాటలు అంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆ ఒక్క సరే విన్నాక నాకు రాత్రి అన్నం దిగలేదు. ఎందుకు ఇంత తేలిగ్గా వదిలేస్తున్నాడు? ఆ బండి అంటే ప్రాణం కదా!

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. డబ్బా ఇంట్లోనే పెట్టాం. నేను వెనక కూర్చున్నాను. అంత ఎత్తు బండి ఎక్కడానికి గేటు పట్టుకోవాల్సి వచ్చింది. నేను నలభై ఆరు కిలోలు. గాలి గట్టిగా వీస్తే కాంటా గది తలుపు పట్టుకుని నిలబడే మనిషిని.

హుజూర్‌నగర్ దారి అది. మఠంపల్లి నుంచి వచ్చే సిమెంటు లారీలు తిరిగి తిరిగి దాన్ని గుంతలు గుంతలు చేశాయి. మొదటి గుంత రాగానే పవన్ నడుము గట్టిగా పట్టుకుని పళ్లు బిగబట్టాను. బండి మెత్తగా దిగింది, మెత్తగా లేచింది. ఇంకో గుంత. అదీ అంతే. నాకు ఒళ్లు మండింది. ఇంత బాగున్న బండికి ఈయన రోజూ కడుపు పట్టుకుని రావడమేంటి? నాటకమా?

హుజూర్‌నగర్‌లో చెరుకు రసం బండి దగ్గర ఆపించాను.

"గిదేనా చెక్కబల్ల? నాకు ఒక్క కుదుపు తగల్లే."

"ఇయ్యాల బాగనే ఉంది" అన్నాడు, గ్లాసులోకి చూస్తూ. "నాకు గూడ నొప్పి లేదు. ఎందుకో మరి."

ఇవాళ బాగుంది. ఇవాళ కొత్తగా ఏమొచ్చింది? డబ్బా లేదు, నేనున్నాను. నేను ఎక్కితే బండి సరిపోయింది. నేను లేకపోతే గట్టిబడుతోంది. అంటే ఈ స్ప్రింగు అడుగుతున్నంత బరువు రోజూ దాని మీద లేదు. లోడు బరువు, ఖాళీ బరువు. పొద్దున లేస్తే నేను చేసే లెక్కే ఇది. రోజుకు వంద లారీలకు చేస్తాను.

పవన్ మెడ వంచి రసం తాగుతున్నాడు. చొక్కా కాలరు లోపల ఒక బనియన్ అంచు కనబడింది. దాని కింద ఇంకో బనియన్ అంచు. మే నెల ఎండలో రెండు బనియన్లు. రసం డబ్బులిచ్చి మళ్లీ బండి ఎక్కాను. నేను తిట్టకపోవడం చూసి పవన్ భయపడ్డాడు.

కోదాడలో శ్రీనివాస్ గారి ఇంటి ముందు పెద్ద రేకుల షెడ్డు. ధాన్యం బస్తాలు, పక్కనే బస్తాల కాంటా. ఆయన లుంగీ ఎగ్గట్టుకుని ఎదురొచ్చారు.

"రండమ్మా, రండి. ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి. బండి సంగతి తర్వాత చూద్దాం."

"నీళ్లు తర్వాత అండి. మీ కాంటా ఒక్కసారి వాడుకోవచ్చా?"

"కాంటానా? వాడుకోండమ్మా, దానికేముంది" అన్నారు, ఏమీ అర్థం కాక.

పవన్ వైపు తిరిగాను. "ఎక్కు."

"గిప్పుడెందుకే హిమా? పరాయోళ్ల ఇంట్ల..."

"ఎక్కు అన్న."

చెప్పులు విప్పి ఎక్కాడు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. అరవై ఒకటి. అది కూడా రెండు బనియన్లతో.

పదేళ్లుగా కాంటా ముందు కూర్చుంటున్నాను. ఏ అంకెనూ ఇలా రెండోసారి చదువుకోలేదు. శ్రీనివాస్ గారు మా ఇద్దరినీ చూసి, నీళ్లు పంపిస్తానంటూ మర్యాదగా లోపలికి వెళ్లిపోయారు.

"ఎప్పటిసంది?" అని అడిగాను.

"దవాఖానల ఉన్నప్పటిసంది. యాభై ఎనిమిదికి దిగిన. చెక్కప్‌కు పోయినప్పుడల్లా తూచిండ్రు. నిన్ను బయట కూసోబెట్టి నేనొక్కన్నే లోపలికి పోయిన, యాదికుందా?"

"ఎందుకు చెప్పలే?"

పవన్ కాంటా మీద నుంచి దిగలేదు. అలాగే నిలబడి చెప్పాడు. "నువ్వు గంత దూరం పోయి, తల్లికి ఎనభై రెండు అని ఇచ్చినవ్. అమ్మ నాకు చెప్పింది. నువ్వు మట్టిల కూసోని ఏడ్చినవని గూడ చెప్పింది. నా బరువు గింతేనని నేనెట్ల చెప్పాలె? తిని తిని గంతకు అయితా అనుకున్న. అయినంక షాకబ్జర్లు వాటంతటవే సరిపోతయ్ గదా అనుకున్న."

"బండి అమ్ముతనంటే గూడ సరే అంటివి గదనయ్యా! గోదాముల కూసుంటవు గానీ గిది చెప్పవా?"

"బండి పోతే పోయింది. నీ మొక్కు అబద్ధం కావొద్దనుకున్న."

నేను తిట్టాను. గట్టిగానే తిట్టాను. పిచ్చోడా, నీకు బుద్ధి ఉందా, కడుపులో కుట్లు ఊడితే నేనెవరికి చెప్పుకోవాలె అని ఏవేవో అన్నాను. అంటూనే ఏడ్చాను. నా మనిషి రోజూ కడుపు నొప్పి మింగింది నా మాట నిలబెట్టడానికి. నా లెక్క తప్పు కాకూడదని గుడ్లు మింగాడు, బనియన్లు తొడుక్కున్నాడు. లారీ క్యాబిన్‌లో దాక్కున్న క్లీనర్లని పట్టే నాకు, ఇంట్లో చొక్కాలో దాక్కున్న మనిషి కనబడలేదు. కనబడలేదా, చూడదలుచుకోలేదా? చూస్తే భయమేసేది. అందుకే చూడలేదు.

కొంగుతో ముఖం తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుని దింపాను.

"తల్లికి ఎక్కువనే ఇచ్చిన, తక్కువ ఇయ్యలే. ఆమె ఏం అనుకోదు. నువ్వు ఇంటికొచ్చినవ్. నేను మొక్కింది గదే. బరువు కోసం మొక్కలే."

పవన్ తల ఊపాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి, నవ్వూ ఉంది.

శ్రీనివాస్ గారు మంచినీళ్లతో వచ్చారు. బండి అమ్మడం లేదని చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "నేనూ అదే అనుకున్నానమ్మా. ఆ స్ప్రింగు నా బోటి ఒళ్లున్నవాడికి వేయించింది. అదే ఉందేమోనని చెబుదామనుకుంటున్నా" అన్నారు. మార్పించామని, అయినా మా లెక్క తప్పిందని చెప్పాను. మా లెక్క అని నా నోటితో నేనే అన్నాను. మిల్లులో వింటే పండగ చేసుకుంటారు.

కోదాడ నుంచి నేరుగా సూర్యాపేట పోయాం. పెద్ద రోడ్డు, ఇద్దరి బరువు, బండి పడవలా సాగింది. సాంసన్ అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్ల చొక్కా మార్చుకుంటున్నాడు. ఆదివారం షాపు తెరవనన్నాడు. నా ముఖం చూశాక షట్టరు ఎత్తాడు.

"నేను చెప్పలేదా అక్కా, మనిషి రావాలని" అంటూ బండి వెనక చక్రం పైకి లేపి, చక్రానికీ సీటుకూ నడుమ టేపు పెట్టి కొలిచాడు. "ఇగ నువ్వు హ్యాండిలు పట్టుకో. అన్న ఎక్కి కాళ్లు పైన పెట్టాలె, నేల మీద ఆనొద్దు. డబ్బా ఎంత ఉంటది?"

"సంచితో కలిపి పన్నెండు" అన్నాను. అది నాకు నిజంగా తెలిసిన బరువు.

సాంసన్ నీళ్ల క్యాన్ ఒకటి అంత తూచి వెనక కట్టాడు. తర్వాత లేచి చేతులు దులుపుకున్నాడు. "స్ప్రింగు మార్చే ముందు మల్ల ఒక్కసారి అడుగుత. ఈసారి దేవుళ్ల లెక్క కాదు, మనుషుల లెక్క చెప్పుండ్రి. బరువెంత?"

అలవాటుగా నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. పవన్ వైపు కూడా చూడలేదు. హ్యాండిల్ మీద నా చేతులనే చూసుకుంటూ నిలబడ్డాను. షాపు ముందు ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు.

"అరవై ఒకటి" అన్నాడు పవన్. గట్టిగా, అందరికీ వినబడేలాగా.

"గంతేనా?" అన్నాడు సాంసన్.

"గంతే."

సాంసన్ సన్న స్ప్రింగు ఒకటి వెతికి తెచ్చాడు. విప్పడం, బిగించడం, రింగు తిప్పడం, పవన్‌ను ఎక్కించి కొలవడం, దింపి మళ్లీ తిప్పడం. చాలాసేపు పట్టింది. ప్రతిసారీ పవన్ ఎక్కినప్పుడు హ్యాండిల్ నా చేతుల్లో కొంచెం కదిలేది. అతని బరువు అది. ఇన్ని రోజులూ నా పక్కనే పడుకున్న మనిషి బరువు. చివరికి సాంసన్ టేపు చూసి సరిపోయిందని తల ఊపాడు.

"ఆ ఎనభై రెండుది సంచిల పెట్టాల్నా అక్కా? బరువు పెరిగితే మల్ల ఎయ్యొచ్చు."

బల్ల మీద ఉన్న ఆ స్ప్రింగు వైపు పవన్ చూశాడు. నేనూ చూశాను. తీసుకుపోతే అది మా ఇంట్లో ఒక మూల కూర్చుని రోజూ అతన్ని ఎంతయ్యావని అడుగుతుంది.

"వద్దన్నా. పనికొచ్చే వాళ్లెవరికన్న ఇయ్యి" అన్నాను.

పవన్ ఒక్కడే బండి తీసుకుని, వెనక తవ్విపోసిన వీధిలోకి పోయాడు. రాళ్ల మీద నుంచి చప్పుడు వినిపిస్తున్నంత సేపు నేను చెవులు అటే పెట్టి నిలబడ్డాను. తిరిగి వచ్చి బండి ఆపాడు. చెయ్యి కడుపు మీద లేదు. నవ్వుతున్నాడు. "ఏ తండాకన్న పోవచ్చు హిమా" అన్నాడు.

సాంసన్ చేతుల నిండా ఆయిల్. తుడుచుకోవడానికి అటూ ఇటూ వెతుకుతున్నాడు. "ఆదివారం గదా, గుడ్డ ముక్క గూడ లేదు" అని సణిగాడు.

"ఆగన్నా" అని పవన్ షట్టరు చాటుకు పోయాడు. ఒక బనియన్ విప్పి తెచ్చి సాంసన్ చేతిలో పెట్టాడు. కాసేపు ఆలోచించి మళ్లీ పోయి రెండోది కూడా తెచ్చాడు. చొక్కా ఇప్పుడు భుజాల మీద నుంచి వదులుగా వేలాడుతోంది. మెడ ఎముకలు కనబడుతున్నాయి. అతన్ని నేను కళ్లారా, కాళ్ల నుంచి తల దాకా చూశాను.

"ఇగ సల్లగుంది" అన్నాడు పవన్.